ఉగ్రదాడుల చుట్టూ అల్లుకునే కుట్ర కథలు చదువుకున్నవారిని కూడా ఎట్లా నమ్మిస్తున్నాయి?

వడ్డేపల్లి పంతులు, హనుమకొండ

అందరికీ నమస్కారం. దసరా నాడు మా ఇంట్లో జరిగిన ఒక సంభాషణ పది రోజులుగా నా మనసును వదలడం లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు వచ్చి, జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి భోజనానికి కూర్చున్నాక మాటల మధ్యలో ఒక సంగతి చెప్పాడు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో కూలిన జంట భవనాలను విమానాలు కూల్చలేదట. ముందే లోపల అమర్చిన పేలుడు పదార్థాలతో అమెరికా ప్రభుత్వమే కూల్చి, యుద్ధానికి సాకు సంపాదించుకున్నదట. నేను ఆ మాటను కొట్టిపారేశాను. వాడు కోపగించుకోకుండా మూడే ప్రశ్నలు అడిగాడు. విమాన ఇంధనం మండే వేడికి ఉక్కు కరగదు కదా, మరి భవనాలు ఎట్లా కూలినయి? వాటి పక్కనే ఉన్న, ఏ విమానమూ తగలని ఏడో నంబరు భవనం అదే సాయంత్రం ఎందుకు కూలింది? ఆ భవనం ఇంకా నిలబడి ఉండగానే కూలిపోయిందని బీబీసీ ఎట్లా చెప్పగలిగింది?

ముప్పై నాలుగేళ్లు సాంఘికశాస్త్రం బోధించిన నేను ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. వాడు తెలివితక్కువ వాడు కాదు. పుస్తకంలో ఉన్నదంతా నిజమని ఒప్పుకోవద్దని, అడిగి తెలుసుకొమ్మని చిన్నప్పుడు వాడికి నేర్పింది నేనే. అందుకే నాకు బాధగా ఉన్నది. నేను నేర్పిన పద్ధతే వాడిని అక్కడికి చేర్చిందా, లేక ఆ పద్ధతిని ఎవరో దారి మళ్లించారా? దయచేసి ఎవరూ వాడిని ఎగతాళి చేయవద్దు. ఈ కథలు మనిషిని ఏ దారిన పట్టుకుంటాయో తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

ఉక్కు కాంక్రీటు, కాజీపేట

పంతులు సార్, నేను భవన నిర్మాణాల రూపకల్పనలో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు ఇవ్వగలను.

మీ మేనల్లుడు చెప్పిన మొదటి వాక్యం నిజమే. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కిరోసిన్ వంటి ఇంధనంతో మొదలైన మంటలు గదుల్లో 1,000 డిగ్రీల దాకా చేరగలవు గాని అంతకు చాలా పైకి పోవు. అయితే మన ఊళ్లలో కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్నవారు ఎవరైనా మిగతా సగం చెప్పగలరు. నాగలి కర్రును సాగగొట్టించడానికి తీసుకుపోతే కమ్మరి దానిని కరిగించడు. ఎర్రగా కాల్చి సమ్మెటతో కొడితే ముద్దలాగా వంగుతుంది. ఉక్కు 600 డిగ్రీల దగ్గరే తన బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. కనుక భవనం కూలడానికి ఉక్కు కరగవలసిన పని లేదు, మెత్తబడితే చాలు. విమానాలు ఢీకొన్నప్పుడు కొన్ని స్తంభాలు తెగిపోయాయి, మిగిలిన ఉక్కుకు ఉన్న అగ్నిరక్షణ పూత ఊడిపోయింది. ఇంధనం కొద్ది నిమిషాల్లోనే అయిపోయినా కార్యాలయాల్లోని కాగితాలు, కుర్చీలు, తివాచీలు మండుతూనే ఉన్నాయి. అంతస్తుల నేలలు సాగి కిందికి వేలాడి బయటి స్తంభాలను లోపలికి గుంజాయి, అవి వంగగానే పై అంతస్తుల బరువంతా కింది వాటి మీద పడింది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2005లో ఇచ్చిన నివేదిక సారాంశం ఇది.

ఏడో భవనం సంగతి నిజంగానే క్లిష్టమైనది. జంట భవనాల శకలాలు పడి దానిలో మంటలు లేచాయి. నీటి ప్రధాన గొట్టాలు పగిలిపోవడంతో కింది అంతస్తుల్లో మంటలను ఆర్పే నీళ్లు రాలేదు. ఏడు గంటల పాటు ఎవరూ ఆర్పకుండానే అది మండింది. వేడికి పొడవైన దూలాలు వ్యాకోచించి ఒక ప్రధాన దూలాన్ని దాని ఆధారం మీది నుంచి జరిపివేశాయి. దానితో 79వ నంబరు స్తంభానికి పక్క ఆసరా పోయి అది ఒరిగింది, మిగిలినవి వరుసగా దాని వెంట పోయాయి. సాయంత్రం 5.20కి భవనం కూలింది.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. ఈ వివరణతో కూడిన తుది నివేదిక వెలువడింది 2008 నవంబరులో. అంటే ఏడేళ్ల పాటు ప్రశ్న ఉన్నది, పూర్తి జవాబు లేదు. ఆ ఏడేళ్లలో పేలుడు కథ ఒక్కటే నిండుగా, నిస్సందేహంగా మాట్లాడింది. పైగా నిస్ట్ తన ముసాయిదాలో ఆ భవనం స్వేచ్ఛాపతన వేగంతో, అంటే కింద ఏ అడ్డూ లేని వస్తువు పడే వేగంతో, పడలేదన్నది. దాని మీద ఆక్షేపణలు వచ్చాక మళ్లీ కొలిచి, మధ్యలో సుమారు 2.25 సెకన్ల పాటు స్వేచ్ఛాపతనం జరిగిందని తుది నివేదికలో ఒప్పుకున్నది. మా వృత్తిలో ఇది సరైన నడవడి, ఎందుకంటే లెక్క తప్పితే దిద్దుకోవాలి. కాని అనుమానంతో చూసేవారికి ఆ దిద్దుబాటే దొంగ దొరికిపోయినట్లు కనిపించింది. స్తంభాలన్నీ లోపల ఒరిగిపోయాక పై గోడలకు ఆ కొద్ది క్షణాలు అడ్డు తగిలేది ఏమీ ఉండదన్నది వివరణ. ప్రశ్న అడగడానికి అయిదు సెకన్లు చాలు. జవాబుకు ఎంత పట్టిందో ఈ నా సందేశం నిడివే చెబుతుంది.

జిల్లా విలేకరి, జనగామ

మూడో ప్రశ్నకు నేను రాస్తాను. ఆ మధ్యాహ్నం నుంచే అగ్నిమాపక అధికారులు ఏడో భవనం కూలవచ్చునని అంచనా వేసి చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించారు. కూలవచ్చు అన్న మాట నోటి నుంచి నోటికి, ఒక వార్తాసంస్థ నుంచి మరొక దానికి పోయేసరికి కూలింది అయింది. బీబీసీ దానిని సుమారు ఇరవై నిమిషాల ముందే చదివింది, వెనక కిటికీలో ఆ భవనం కనిపిస్తూనే ఉన్నది. ప్రమాద వార్తలు రాసిన ప్రతి విలేకరికీ ఇటువంటి అనుభవం ఉంటుంది. బస్సు బోల్తా పడితే మొదటి గంటలో మృతుల సంఖ్య నాలుగు రకాలుగా వస్తుంది, సాయంత్రానికి ఒకటవుతుంది.

పూర్వం ఆ మొదటి నాలుగు రకాలు మరునాటి పత్రికతో పాటు పొట్లం కాగితంగా పోయేవి. ఇప్పుడు అవి ఎక్కడికీ పోవు. పదేళ్ల తరువాత ఎవరో వెతికి తీసి, మొదట నిజం చెప్పి తరువాత మార్చారని చూపిస్తారు. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి జరిగినప్పుడు దక్కన్ ముజాహిదీన్ అన్న పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. దాడి చేసింది పాకిస్తాన్ నుంచి సముద్రం మీదుగా వచ్చిన పది మంది లష్కరే తోయిబా మనుషులని దర్యాప్తులోను, ప్రాణాలతో పట్టుబడిన కసబ్ విచారణలోను తేలింది. కాని ఆ మొదటి రాత్రి వినపడిన దక్కన్ అన్న మాట మన దిక్కు వారందరి మీద ఎంత కాలం నీడగా ఉన్నదో హైదరాబాద్‌లో చదువుకున్న పిల్లలను అడగండి.

ఆ దాడిలోనే మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం అధిపతి హేమంత్ కర్కరే చనిపోయారు. అప్పటికి ఆయన మాలేగావ్ పేలుడు కేసులో హిందూ సంస్థలకు చెందినవారిని అరెస్టు చేసి వార్తల్లో ఉన్నారు. ఆయన చావు మీద అనుమానం ఉన్నదని అప్పటి కేంద్రమంత్రి ఏ.ఆర్. అంతులే పార్లమెంటులోనే అన్నారు. తరువాత కర్కరే వేసుకున్న తూటా రక్షక జాకెట్ కనిపించకుండా పోయిందని బయటపడింది. ఆస్పత్రిలో చెత్తతో పాటు పారేశారని చెప్పారు. అటువంటి జాకెట్‌ను భద్రపరచకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. నిర్లక్ష్యాన్ని నిర్లక్ష్యమని నమ్మడం మనిషికి కష్టం, అందులోను పోయినవాడు పెద్ద అధికారి అయినప్పుడు.

కాజీపేట గార్డు

రైలు వాళ్లకు మాత్రమే పట్టే ఒక ఉదాహరణ చెబుతాను. 2005 జూలై 7న లండన్‌లో మూడు భూగర్భ రైళ్లలోను, ఒక బస్సులోను నలుగురు బాంబులు పేల్చుకోగా 52 మంది చనిపోయారు. ఆ నలుగురు లూటన్ స్టేషన్‌లో ఎక్కి లండన్ చేరారు. మరుసటి ఏడాది మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం ప్రచురించిన అధికారిక కథనంలో వారు ఉదయం 7.40 బండి ఎక్కినట్లు రాశారు. ఆ రోజు 7.40 బండి రద్దయింది. రద్దయిన బండిలో హంతకులు ప్రయాణం చేసినట్లు ప్రభుత్వం అచ్చు వేసింది. నిజానికి వారు ఎక్కింది 7.25 బండి. హోం మంత్రి జాన్ రీడ్ 2006 జూలైలో పార్లమెంటులో ఆ తప్పును సరిదిద్దారు.

మా పనిలో బండి దాటిన సమయం ఒక్క నిమిషం తప్పు రాసినా సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కూడా ఒళ్లు జలదరించింది, ఇంత పెద్ద ఘటనలో ఇంత చిన్న విషయం ఎందుకు తప్పారని. తరువాత ఆలోచిస్తే, మనిషిని పట్టేది ఇటువంటి తప్పేనని అర్థమైంది. బాంబులో ఏ రసాయనం వాడారో మామూలు మనిషి తేల్చలేడు, రైళ్ల సమయం మాత్రం తేల్చగలడు. తానే స్వయంగా వెతికి, ప్రభుత్వం రాసింది తప్పని రుజువు చేసుకున్నవాడికి ఇక మిగతా నివేదిక చదవవలసిన అవసరం కనిపించదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. కాని నివేదిక అన్నం కుండ కాదు. ఒక పేజీలోని తప్పు ఇంకొక పేజీలోని వేలిముద్రలను, స్టేషన్ కెమెరాల చిత్రాలను చెరపదు.

గణపురం న్యాయవాది

ఇంతవరకు వచ్చిన సందేశాలు నేను శ్రద్ధగా చదివాను. అయినా నాకు ఒక గట్టి అభ్యంతరం ఉన్నది. మన జిల్లాల్లో మూడు తరాల వారు ఒకే అచ్చులో పోసినట్లు ఉండే ఎదురుకాల్పుల ప్రకటనలు చదువుతూ పెరిగారు. అనుమానించడం మాకు వీడియోలు నేర్పలేదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకుపోతున్న అయిదుగురు విచారణ ఖైదీలను ఆలేరు సమీపంలో వ్యానులోనే కాల్చి చంపారు. వారి మీద ఉన్నవి ఉగ్రవాద ఆరోపణలే. ఆయుధాలు గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. ఫొటోల్లో వారి చేతులకు బేడీలు ఉన్నాయి. ఆ రోజు అనుమానించినవారిని కుట్ర కథలు చెప్పేవారని పిలవవచ్చునా? 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులను కాల్చినప్పుడు ఊరూరా మిఠాయిలు పంచారు, ప్రశ్నించినవారిని తిట్టారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తన నివేదికలో చెప్పింది.

అమెరికా సంగతి కూడా వేరు కాదు. 1964లో వియత్నాం దగ్గరి టోంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద జరిగిందని చెప్పిన రెండో దాడి అసలు జరగలేదు. 2003లో ఇరాక్‌లో ఉన్నాయని చెప్పిన సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకలేదు. ప్రభుత్వాలు అబద్ధం చెబుతాయన్నది చరిత్ర. పంతులు సార్ మేనల్లుడు ఆ చరిత్ర తెలిసినవాడై ఉంటాడు. వాడిది జబ్బు అన్నట్లు మనం మందు వెతకడం నాకు నచ్చలేదు.

నిర్వాహకులు

చర్చ మర్యాదగా సాగుతున్నందుకు ధన్యవాదాలు. దాడుల్లో గాయపడిన, చనిపోయిన వారి ఫొటోలను, వీడియోలను ఇక్కడ పెట్టవద్దు. ఏ మతం వారినీ ఒక ముద్దగా కలిపి నిందించే మాటలు వస్తే ఆ సందేశాన్ని తొలగిస్తాము.

మట్టెవాడ వాసి, వరంగల్

చాలా ఆలోచించి ఇది రాస్తున్నాను. 2007లో నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ నలుగురితో కలిసి గదిలో ఉండేవాడిని. ఆ ఏడాది మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు, ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. చనిపోయినవారు మావాళ్లు, ఆ తరువాత పట్టుకుపోయిందీ మావాళ్లనే. మా గదిలో ఉండే ఒక స్నేహితుడిని కొన్ని రోజులు ఎక్కడ ఉంచారో కూడా ఇంటివారికి చెప్పలేదు. తిరిగి వచ్చాక అతను చాలా కాలం సరిగా నిద్రపోలేదు. అప్పట్లో కేసులు పెట్టిన యువకులను తరువాత కోర్టులు నిర్దోషులని వదిలిపెట్టాయి. దర్యాప్తు దిశ మార్చుకుని హిందూ సంస్థలకు చెందిన కొందరి మీద అభియోగాలు మోపింది. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్‌లోని ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు స్వామి అసీమానందతో సహా అయిదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. శుక్రవారం నమాజుకు పోయినవారిని చంపింది ఎవరో తేలనే లేదు.

ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టుకోకుండా మనిషి బతకలేడు. రెండు మూడేళ్ల పాటు నేను దొరికిన ప్రతి వీడియో చూశాను. న్యూయార్క్ దాడి అమెరికానే చేసుకున్నదన్నారు, నమ్మాను. ఆ రోజు నాలుగు వేల మంది యూదులు పనికి రాలేదన్నారు, అదీ నమ్మాను. ఆ భవనాల్లో యూదులు కూడా వందల సంఖ్యలో చనిపోయారని తెలుసుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అవి నాకు ఇచ్చింది సమాచారం కాదు, ఊరట. మేము ఆ పని చేయలేదని ఇంత ధైర్యంగా చెప్పేవారు అప్పుడు ఇంకెవరూ లేరు. టీవీలో ప్రతి సాయంత్రం మా పేర్ల వంటి పేర్లే వినపడేవి. గదిలో కూర్చుని ఆ వీడియో చూసే గంట సేపు తల ఎత్తుకుని ఉన్నట్లు ఉండేది.

బయటికి రావడం ఒక్క రోజులో జరగలేదు. బిన్ లాదెన్ ఎప్పుడో రోగంతో చనిపోయాడని ఒక వీడియోలో, అమెరికా వాళ్ల దగ్గరే హాయిగా ఉన్నాడని ఇంకొక దానిలో చెప్పేవారు. మా గుంపులో రెండింటినీ అందరూ మెచ్చుకునేవారు. ఒకసారి నేను ఈ రెండూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయని అడిగితే నన్నే అనుమానంగా చూశారు. అసలు దెబ్బ మాత్రం ఇంకొక చోట తగిలింది. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో పేలుళ్లు జరిగి 42 మంది చనిపోయారు. ఆ రాత్రి రక్తం ఇవ్వడానికి మేము ఆస్పత్రికి పోయాము. అక్కడ నేను చూసినవి రాయను. కొంత కాలానికి ఇంకొక దేశంలో జరిగిన దాడి గురించిన వీడియోలో, గాయపడినవారంతా రంగు పూసుకున్న నటులని చెబుతూ నవ్వుతున్నారు. ఆ నవ్వు విన్నాక నేను ఆ వీడియో పూర్తిగా చూడలేకపోయాను.

న్యాయవాది గారి మాటతో నేను ఏకీభవిస్తాను. నా అనుమానానికి కారణం ఉన్నది, ఇప్పటికీ ఉన్నది. మక్కా మసీదు కేసులో నేను అడిగే ప్రశ్నకు న్యూయార్క్ గురించి నమ్మిన కథ జవాబు కాదని తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది.

కరీంనగర్ అధ్యాపకురాలు

మట్టెవాడ సోదరునికి నా నమస్కారాలు. నేను మనోవిజ్ఞానశాస్త్రం బోధిస్తాను. మీరు రాసిన ప్రతి మెట్టుకూ మా శాస్త్రంలో ఒక అధ్యయనం ఉన్నది. అయితే వాటిలో నాకు అన్నింటికంటె దగ్గరైనది మన దేశంలో జరిగినదే కనుక దానితో మొదలుపెడతాను.

1934 జనవరి 15న బిహార్‌లో ఘోరమైన భూకంపం వచ్చింది. జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు ఆ తరువాత వ్యాపించిన పుకార్లను సేకరించారు. నేల కంపించినా పెద్దగా నష్టం జరగని చోట్ల కూడా, ఇంతకంటె పెద్ద విపత్తు రాబోతున్నదనే భయంకరమైన పుకార్లు చెలామణి అయ్యాయి. ఇప్పటికే భయపడి ఉన్న జనం ఇంకా భయపెట్టే మాటలను ఎందుకు కోరి నమ్ముతారన్న ప్రశ్న అమెరికా మనోవిజ్ఞానవేత్త లియోన్ ఫెస్టింగర్‌ను పట్టి లాగింది. భయం ముందే వచ్చి కూర్చున్నది, దానికి తగిన కారణం కళ్ల ముందు లేదు, కనుక ఆ భయానికి సరిపోయే కథను మనసు వెతుక్కున్నదని ఆయన తర్కించారు. మనసులో పొంతన కుదరని ఆలోచనల గురించిన ఆయన ప్రసిద్ధ సిద్ధాంతానికి దారి చూపిన వాటిలో ఈ బిహార్ పుకార్లు కూడా ఉన్నాయి.

ఉగ్రదాడి తరువాత కూడా ఇదే వరుస. పంతొమ్మిది మంది మనుషులు కాగితాలు కోసే చిన్న కత్తుల వంటి వాటితో నాలుగు విమానాలు పట్టుకుని దాదాపు మూడు వేల మందిని చంపారంటే మనసు ఒప్పుకోదు. ఇంత పెద్ద ఫలితానికి అంత పెద్ద కారణమే ఉండాలనుకోవడం మన స్వభావం. బలమైన ప్రభుత్వం చేయించిందంటే త్రాసు రెండు పళ్లాలూ సమమైనట్లు ఉంటుంది. ఆ కథ భయంకరమైనదే, అయినా లోకం ఎవరో ఒకరి చేతిలో ఉన్నదన్న భరోసా ఇస్తుంది. ఎవరి చేతిలోనూ లేదన్నది దానికంటె దుర్భరం.

యాదృచ్ఛికతను గురించి కూడా ఒక మాట. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయమని మనవారు ఎప్పుడో పేరు పెట్టారు. పేరు పెట్టవలసి వచ్చిందంటేనే, కాకి బరువుకే పండు రాలిందని అనుకునేవారు అప్పుడూ ఉన్నారన్నమాట. లండన్ దాడి జరిగిన రోజునే ఒక సంస్థ అటువంటి దాడిని ఊహించి సన్నాహక అభ్యాసం నిర్వహిస్తున్నది. పెద్ద నగరాల్లో అటువంటి అభ్యాసాలు తరచుగా జరుగుతూనే ఉంటాయి, దాడి జరగని రోజున జరిగినవి ఎవరికీ గుర్తుండవు.

మట్టెవాడ సోదరుడు గమనించిన వైరుధ్యాన్ని బ్రిటన్‌లోని కెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా చూశారు. అమెరికా సైన్యం దాడి చేసే నాటికే బిన్ లాదెన్ చనిపోయి ఉన్నాడన్న మాటను ఎక్కువగా ఒప్పుకున్నవారే, అతను ఇంకా బతికే ఉన్నాడన్న మాటను కూడా ఎక్కువగా ఒప్పుకున్నారని 2012లో ప్రచురించారు. ఆ రెండు కథలను కలిపి పట్టి ఉంచేది అధికారులు దాస్తున్నారన్న ఒక్క నమ్మకం. ఆ నమ్మకం నిలిచి ఉన్నంత కాలం పైనున్న కథ ఏదైనా ఒకటే.

నర్సంపేట యువకుడు

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపిన తరువాత, చనిపోయిన నౌకాదళ అధికారి తన భార్యతో కలిసి ఉన్న చివరి వీడియో అంటూ ఒకటి వచ్చింది. చూసి ఏడ్చాను, ఆరు గ్రూపులకు పంపాను. రెండు రోజుల్లో ఆ వీడియోలోని జంట వేరే వారని, ఇద్దరూ బతికే ఉన్నామని వారే చెప్పారు. నేను సిగ్గుపడి గ్రూపుల్లో క్షమాపణ పెట్టాను. దానికి ఒకాయన రాసిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తున్నది. చూశావా తమ్మీ, ఇది అబద్ధమైతే మిగతాది మాత్రం నిజమని ఏమి నమ్మకం అన్నాడు. మోసం చేద్దామని నేను పంపలేదు, దుఃఖంతో పంపాను. నా చేతి మీదుగా పోయిన ఆ తప్పుడు వీడియోనే ఆయనకు దాడి మొత్తం నాటకమనడానికి ఆధారమైంది.

స్టాఫ్ నర్సు, వరంగల్

నటులన్న మాట గురించి. బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో 2017 మే 22న ఒక సంగీత కచేరీ దగ్గర బాంబు పేలి 22 మంది చనిపోయారు. అందులో నడుము కింది భాగం చచ్చుబడిన తండ్రిని, మెదడుకు తీవ్రమైన గాయమైన ఆయన కూతురిని కూడా నమ్మకుండా, అదంతా వేసిన నాటకమని ప్రచారం చేసిన ఒక వ్యక్తి ఆ అమ్మాయి ఇంటి దగ్గరకు పోయి రహస్యంగా చిత్రీకరించే దాకా వెళ్లాడు. ఆ తండ్రీకూతుళ్లు కోర్టుకు పోతే, అది వేధింపే అని 2024 అక్టోబరులో తీర్పు వచ్చింది. ప్రమాద విభాగంలో పని చేసే నాకు దీనికంటె కోపం తెప్పించేది లేదు. గాయం కట్టు మార్చేటప్పుడు రోగి చేయి పట్టుకున్నవారు ఎవరూ ఆ మాట అనలేరు.

గణపురం న్యాయవాది

మట్టెవాడ సోదరుడు రాసింది రెండుసార్లు చదివాను. నా మొదటి సందేశంలో ఒక లోపం ఉన్నది, దానిని సరిచేసుకుంటున్నాను. ఆలేరు ఘటన తరువాత మేము ఏమి అడిగామో గుర్తు చేసుకున్నాను. శవపరీక్ష నివేదిక ఇవ్వమన్నాము, తూటాలు ఎంత దూరం నుంచి తగిలాయో చెప్పమన్నాము, బేడీలు వేసి ఉన్న మనిషి తుపాకి ఎట్లా అందుకోగలడో చూపమన్నాము, స్వతంత్ర దర్యాప్తు కోరాము. అంటే ఏది తేలితే మా అనుమానం వదులుకుంటామో మేము ముందే కాగితం మీద పెట్టాము. సిర్పూర్కర్ కమిషన్ ముందు కూడా సాక్షులు నిలబడ్డారు, ఎదురు ప్రశ్నలు ఎదుర్కొన్నారు. మేము అడిగినవి ఒక బండి గురించి, ఒక వేళ గురించి, కొందరు మనుషుల గురించి. న్యూయార్క్ కథలో అటువంటి గీత నాకు కనిపించడం లేదు. ఉక్కు జవాబు వస్తే యూదుల మాట వస్తుంది, దానికి జవాబు వస్తే బీబీసీ వస్తుంది, అన్నీ అయిపోతే జవాబు చెప్పినవాడే అమ్ముడుపోయాడంటారు.

అయినా ఒక మాట మీద నేను నిలబడతాను. కోర్టుల్లో కేసులు ఇట్లా విరిగిపోతున్నంత కాలం కథలకు కరువు ఉండదు. 2006 జూలై 11 ముంబయి రైలు పేలుళ్ల కేసులో పన్నెండు మందిని పంతొమ్మిదేళ్ల తరువాత, 2025 జూలైలో, బాంబే హైకోర్టు నిర్దోషులన్నది. అది ఇంకా సుప్రీంకోర్టు ముందు నడుస్తూ ఉండగా, ఆ రైళ్లలో పోయినవారి ఇంటివారికి చంపింది ఎవరని ఇవ్వాళ ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పకపోతే చెప్పడానికి యూట్యూబ్‌లో వెయ్యి మంది ఉన్నారు.

వడ్డేపల్లి పంతులు, హనుమకొండ

మీ అందరి సందేశాలను కాగితం మీద రాసుకుని నిన్న రాత్రి మా మేనల్లుడికి ఫోన్ చేశాను. మట్టెవాడ వారి అనుభవం చదివాక నా గొంతులో గద్దింపు పోయింది, అది వాడికి కూడా తెలిసినట్లున్నది. కమ్మరి కొలిమి సంగతి చెప్పగానే వాడు కాసేపు మాట్లాడలేదు. మా తాతగారి ఊళ్లో కొలిమి దగ్గర తిత్తి ఊదిన రోజులు వాడికి కూడా గుర్తే. కరగడం, మెత్తబడటం వేరని ఒప్పుకున్నాడు. వెంటనే, మరి ఏడో భవనంలో ఆ 2.25 సెకన్లు, అన్నాడు. ఉక్కు కాంక్రీటు గారు రాసినది చదివి వినిపించాను గాని, స్తంభాల క్రమం నాకే సరిగా అర్థం కాక వివరించలేకపోయాను.

న్యాయవాది గారి మాట ఆధారంగా, ఏమి చూపిస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావురా అని అడిగాను. వాడు ఆలోచించి, రేపు చెబుతానన్నాడు. ఆ తరువాత, మామా, మీరు ఏమి చూస్తే మీ మాట మార్చుకుంటారో కూడా చెప్పండి అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. నేను ఇంతకాలం అధికారిక నివేదికను చదవకుండానే నమ్మాను, వాడు చదవకుండానే నమ్మలేదు. ఈ విషయంలో మీరు నాకు సాయం చేయాలి.

కరీంనగర్ అధ్యాపకురాలు

పంతులు గారూ, మీరు నిరాశ పడవద్దు. కుట్ర కథలు నమ్మేవారితో కృత్రిమ మేధ చేత వ్రాతపూర్వకంగా సంభాషణ జరిపించిన ఒక అధ్యయనం 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. వారు చెప్పిన కారణాలకే నేరుగా, వివరంగా జవాబు ఇచ్చినప్పుడు నమ్మకం సగటున అయిదో వంతు తగ్గిందని, రెండు నెలల తరువాత చూసినా ఆ తగ్గుదల నిలిచిందని రాశారు. ఒక్క ఫోనులో మొత్తం పోదు. వాడు రేపు చెబుతానన్నాడు కదా, ఆ రేపు కోసం ఆగండి.

ఉక్కు కాంక్రీటు, కాజీపేట

మీ మేనల్లుడి ప్రశ్నకు నా వంతు జవాబు. ఏడో భవనంలోని ఆ స్తంభాన్ని తెంచగలిగిన అతి చిన్న పేలుడు జరిగినా, అర మైలు దూరంలో కూడా 130 నుంచి 140 డెసిబెల్స్ శబ్దం వినిపించేదని నిస్ట్ లెక్క కట్టింది. అది చెవులు చిల్లులు పడే మోత. ఆ సాయంత్రం చుట్టూ కెమెరాలు నడుస్తూనే ఉన్నాయి, భవనం కూలే క్షణంలో అటువంటి మోత ఏ రికార్డింగ్‌లోనూ వినిపించలేదు. అటువంటి శబ్దం ఉన్న, కల్తీ లేని రికార్డింగ్ ఒకటి బయటపడినా, పేలుడుతో తెగిన గుర్తులున్న స్తంభం ముక్క ఒకటి దొరికినా నేను ఇక్కడ రాసినదంతా వెనక్కు తీసుకుంటాను. ఈ మాట వాడికి నా పేరు మీదనే చెప్పండి.

దీపావళికి వాడు ఊరికి వస్తే నాకు కబురు చేయండి. స్తంభాల పటం గీసుకుని, నివేదికలోని ఆ భాగం ముద్రించుకుని మీ ఇంటికి వస్తాను. వాడికి కావలసినంత సేపు కూర్చుందాము.